గ్లెనిస్ పట్టిన రసమట్టం

ఉదయం ఏడున్నరకల్లా గ్లెనిస్ వర్క్‌షాపు తలుపు తీసి, హీటరు వేసి, టీకి నీళ్ళు పెట్టి, ఆ తర్వాతే లైట్లు వేసేది. భూగోళం దక్షిణపు కొసనున్న హోబార్ట్ ఊళ్ళో, కొండవాలున ఉన్న ఆ సైన్సు భవనంలో జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం, ఖగోళం, ఇంజనీరింగు అని నాలుగు శాఖలున్నా, చేతులకి గ్రీజు అంటించుకునే మనిషి మాత్రం ఒక్కతే. పెంగ్విన్లని తూచే పలక దగ్గర్నుంచి టెలిస్కోపు దిమ్మె దాకా ఆవిడే బిగించాలి, ఆవిడే పదిహేను రోజులకోసారి మట్టం చూడాలి.

ఆవిడ దగ్గరో పాత ఇత్తడి రసమట్టం ఉండేది. దాని బుడగ బల్ల వాలుని ఎలా చూపించేదో, గదిలో దిగులుతో ఉన్న మనిషినీ అలాగే చూపించేది. ఎవరి మనసు బాగా లేకపోతే వాళ్ళ వైపు జరిగేది. దీన్నెవరూ వింతనుకోలేదు, పనికి అడ్డమని మాత్రం విసుక్కునేవాళ్ళు. అందుకే మట్టం చూసే ముందు గ్లెనిస్, "దిగులున్నవాళ్ళు బయటికి నడవండి!" అని కేకేసేది. ఒకరో ఇద్దరో లేచి వెళ్ళేవాళ్ళు. ఎందుకని అడగడం అక్కడ మర్యాద కాదు. పరీక్షల నెలలో గది మొత్తం ఖాళీ అయ్యేది.

గ్లెనిస్ దిగులు పడే మనిషి కాదని అందరికీ నమ్మకం. ఇరవయ్యారేళ్ళలో బుడగ ఆవిడ వైపు జరిగింది ఒక్కసారే, మొగుడు పడవ వేసుకుని వెళ్ళిపోయిన వారం. అదీ వెంట్రుకవాసి. "అది కూడా పడవ కోసమే" అని ఆవిడే చెప్పి నవ్వించేది.

ఫిబ్రవరి పదకొండున స్నానం చేస్తుంటే ఆవిడ చేతికి ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ తగిలింది. వాళ్ళమ్మకీ అక్కడే తగిలింది. తర్వాత ఏడు నెలలు బతికింది. డాక్టరు దగ్గరికెళ్తే దానికో పేరు పెడతారు, పేరు పెట్టనంతవరకు అది గింజే అనుకుంది గ్లెనిస్. పైగా పైఅంతస్తు ఆఫీసువాళ్ళు వర్క్‌షాపు ఎప్పుడు మూసేద్దామా అని చూస్తున్నారు, ఓ నెల సెలవు పెడితే తాళమేస్తారు. ఇదంతా తనకి తాను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, ఆవిడకి ప్రాణభయం పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. వచ్చే సోమవారం చూద్దాం అనుకుంటూ నాలుగు నెలలు గడిపేసింది.

పని మాత్రం మానలేదు. వెలుతురు గాజు మీద పడేలా ఎప్పట్లాగే సూర్యుడికి వీపు పెట్టి, ఆ ఊళ్ళో సూర్యుడుండేది ఉత్తరానే కాబట్టి ఉత్తరం పక్కన నిలబడి, బుడగ చూసేది. బుడగ తన వైపుకొస్తే బల్ల తన పక్కే ఎత్తుగా ఉందనుకుని ఆ పక్క మరలు కిందికి దించేది. అది బల్ల తప్పు కాకపోవచ్చన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

జూన్ మొదట్లో, అక్కడి చలికాలంలో, ఓ రోజు పదిన్నర టీకి అందరూ ఎప్పట్లాగే వర్క్‌షాపులో చేరారు. ఇంజనీరు డ్రాగన్ వాళ్ళావిడ చేసిన ఆపిల్ కేకు తెచ్చాడు. పెంగ్విన్ల కిరిలీ గంబూట్లతోనే వచ్చి కూలబడింది.

"నా పిట్టలకి పిచ్చెక్కింది. పలకెక్కగానే అన్నీ ఓ పక్కకి జారి, తూకం పడకుండానే దిగిపోతున్నాయి."

"ఏ పక్కకి?" అన్నాడు డ్రాగన్, కేకు కోయడం ఆపి.

"ఉత్తరానికి."

"నా తొట్టిలో నీళ్ళూ ఉత్తరపు గట్టుకే చేరుతున్నాయి! నేనేమో తొట్టి కట్టినవాణ్ణి తిట్టుకుంటున్నాను."

"తొట్టి కట్టింది నువ్వేగా?"

"అందుకే మెల్లగా తిట్టాను."

సీనా మాత్రం నవ్వలేదు. సమోవా దీవుల నుంచి వచ్చి మూడేళ్ళుగా నక్షత్రాలు కొలుస్తున్న పిల్ల. "నా చుక్కలూ ఉత్తరానికే తప్పుతున్నాయి. ఈ ఏడాది కొలతలన్నీ పారెయ్యమంటున్నారు. శుక్రవారం కమిటీ. అవి పోతే నా పనిక అయిపోయినట్టే, ఇంటికెళ్ళిపోవాలి."

భౌతికశాస్త్రం ఆల్విన్ పెద్దమనిషి, తక్కువ మాట్లాడతాడు. ఆయన గదిలో దారానికి వేలాడే బరువు కూడా కింద పెట్టిన గుర్తు మీద నిలవడం లేదట. కేకు కాగితం వెనక అందరి అంకెలూ రాసి గీతలు గీశాడు. నాలుగూ ఒక్కలాగే వచ్చాయి. పదిహేను రోజులకోసారి మరికాస్త పెరుగుతూ వచ్చాయి.

"మొదలు ఫిబ్రవరి పదకొండు," అన్నాడు.

గ్లెనిస్ కప్పు కింద పెట్టేసింది.

"నాలుగూ ఒకే మట్టంతో చూసినవి. మట్టమే పాడైనట్టుంది. ఇలా తే," అన్నాడు ఆల్విన్.

ఆవిడ రసమట్టం తెచ్చి, ఎన్నడూ వంకర పోని నల్లరాతి బల్ల మీద పెట్టింది. బుడగ గొట్టం చివరిదాకా వచ్చి ఆవిడ వైపు ఆగింది.

"ఎవర్రా ఆ దిగులు మొహం?" అన్నాడు డ్రాగన్.

"నేనే అయ్యుంటాను," అని సీనా లేచి గుమ్మం దాటింది. బుడగ కాస్త వణికిందంతే. డ్రాగన్, ఆల్విన్, కిరిలీ ఒకరి తర్వాత ఒకరు గుమ్మం దాటి తొంగిచూసి వచ్చారు. అది కదల్లేదు.

"చెడిపోయింది. కొత్తది కొనాల్సిందే," అన్నాడు ఆల్విన్.

గ్లెనిస్ ఊరుకుంటే సరిపోయేది. ఔనని తలూపితే ఆ పాత ఇత్తడి ముక్క చెత్తలోకి పోయేది, సోమవారాలు అలాగే గడిచిపోయేవి.

"చెడిపోయిందంటే ఎంత తప్పిందో లెక్క తేలదు," అంది సీనా గుమ్మంలోంచి. "అయితే అన్నీ పారెయ్యాల్సిందే కదా?"

గ్లెనిస్ ఏప్రాను విప్పి కుర్చీ మీద వేసింది. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం వైపు నడిచింది. సీనా పక్కకి తప్పుకుంది. రాతిబల్ల మీద బుడగ మెల్లగా వెనక్కి జరుగుతూ, ఆవిడ పెరట్లోకి దిగేసరికి రెండు గీతల నడుమ నిలిచింది.

బయటికెళ్ళినవాళ్ళని ఎందుకని అడగరు కదా. డ్రాగన్ చేతిలో కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కిరిలీ మాత్రం కప్పు పక్కన పెట్టి బయటికొచ్చింది. కొండ మీద కొత్త మంచు పడి గాలి కోసేస్తోంది. గ్లెనిస్ చేతులు చంకల్లో దాచుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

"అడక్కూడదని తెలుసు. అడుగుతున్నాను. ఏమైంది?"

"టీ చల్లారిపోతుంది, పో."

"చల్లారనీ."

గ్లెనిస్ చెయ్యి తీసి ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. కిరిలీకి అర్థమైంది.

"ఎంతుంది?"

"అప్పుడు బఠాణీ గింజంత."

"ఇప్పుడు?"

"మీ కాగితం మీద గీతలున్నాయిగా, చూసుకో," అంది గ్లెనిస్. అని, భోరున ఏడ్చేసింది.

"కారెక్కు," అంది కిరిలీ.

"లోపల హీటరు..."

"డ్రాగన్ ఆపుతాడు. ఎక్కు ముందు."

ఆ వారమే ఆపరేషను చేసేశారు. ఇంకో రెండు నెలలాగి వస్తే చెయ్యడానికేమీ ఉండేది కాదని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎంత తప్పిందో, ఏ పక్కకి తప్పిందో తెలిసింది కాబట్టి సీనా రెండు రోజులు కూర్చుని అంకెలన్నీ దిద్దుకుంది, కమిటీ ఒప్పుకుంది. ఆ ఏడాది నాలుగు శాఖల పత్రాల్లోనూ అడుగున ఒకే వాక్యం అచ్చయింది: 'ఫిబ్రవరి పదకొండు నుంచి జూన్ నాలుగు వరకు ఉన్న కొలతల్లోంచి గ్లెనిస్ దిగులు తీసివేశాము.' దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

గ్లెనిస్ అక్టోబరులో తిరిగొచ్చింది. జుట్టింకా మొలవలేదు, ఉన్ని టోపీ పెట్టుకుంది. వర్క్‌షాపుకి తాళం పడలేదు. మొదటి రోజే రాతిబల్ల దగ్గర నిలబడి ఎప్పట్లాగే, "దిగులున్నవాళ్ళు బయటికి నడవండి!" అని కేకేసింది.

ఆల్విన్ లేచాడు. ఎవరినీ చూడకుండా, కళ్ళజోడు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

గ్లెనిస్ చేతిలోని రసమట్టాన్ని పెట్టెలో పెట్టేసి, ఆయన వెనకాలే బయటికి నడిచింది. బల్ల సంగతి మధ్యాహ్నం చూసుకోవచ్చు.