రావిరి బావ కొత్త స్కోపు

రావిరి బావ ఆ పెట్టెను వంటింటి బల్ల మీద పెట్టేసరికి నా భార్య రిపెకా రొట్టెపిండి గిన్నెను పక్కకు జరుపుకుంది. పెట్టె చూడగానే నాకు సంగతి అర్థమైంది. మా లోయలో ఎవరు తుపాకీకి స్కోపు కొన్నా బిగించడానికి మా బల్ల దగ్గరికే తెస్తారు. నా దగ్గర సన్న మరలు తిప్పే పనిముట్లున్నాయి, కాస్త ఓపికా ఉంది. కానీ రిపెకా అన్నయ్య రావిరి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తేలేదు. ఆయన తుపాకీకి గురి చూడ్డానికి గొట్టం చివర ఒక ముల్లు, వెనక ఒక గాడి, అంతే. అద్దాల్లోంచి చూసి కాల్చేవాళ్ళను చూస్తే ఆయనకు నవ్వు.

"ఏంటన్నయ్యా, నువ్వు కూడానా?" అంది రిపెకా.

"కాలం మారింది చెల్లీ."

"కాలం మారిందా, కళ్ళు మారాయా?"

"నీ రొట్టెల సంగతి చూసుకో. మొన్న నువ్విచ్చినదాన్ని మా కుక్క పాతిపెట్టి వచ్చింది."

రిపెకా పిండి చేత్తోనే ఆయన వీపు మీద ఒకటి వేసింది. ఇద్దరూ నవ్వారు. నేను పెట్టె విప్పాను. లోపల స్కోపు పాలసీసా అంత ఉంది. బయలు కొండల మీద, ఈ గట్టు నుంచి ఆ గట్టు మీది జంతువును కొట్టేవాళ్ళు వాడే రకం. మా అడవిలో చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. దుప్పి కనబడితే రాయి విసిరేంత దూరంలో కనబడుతుంది, లేకపోతే లేదు.

"బావా, ఇది మన అడవికి పెద్దదేమో. నా దగ్గర ఒక చిన్నది ఉంది. అంత దగ్గరగా చూపించదు గానీ వెడల్పుగా చూపిస్తుంది. చుట్టూ ఏముందో తెలుస్తుంది."

"నాకు చుట్టూ ఏముందో అక్కర్లేదు మాతెనె. ఎదురుగా ఉన్నది దగ్గరగా కనబడాలి. దుకాణంవాడు చెప్పాడు, దీంట్లో చూస్తే దుప్పి రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చట."

"రెప్పవెంట్రుకలు వండుకుంటామా?"

"నువ్వు బిగించు," అన్నాడు బావ. ఆ గొంతులో నవ్వు లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. ఆయన భార్య ఆనీ పోయి ఏడాది కావస్తోంది. ఈస్టరు మరునాడు ఆమె సమాధి రాయికి కప్పిన ముసుగు తీస్తాం. నది పొడవునా ఉన్న చుట్టాలంతా వస్తారు. ఆ రోజు భోజనంలో మాంసం ఇంటిపెద్ద స్వయంగా వేటాడి తెచ్చినదై ఉండాలని మా మర్యాద. కొన్న మాంసం పెడితే ఎవరూ ఏమీ అనరు. తింటారు, బాగుందంటారు. ఇంటికెళ్ళాక అంటారు. ఈస్టరు రోజులకు మగ దుప్పులు జత కోసం రంకెలు వేస్తూ అడవంతా తిరుగుతుంటాయి కాబట్టి ఆ మర్యాద నిలబెట్టుకోవడం ఎవరికీ కష్టం కాదు. చూపున్నవాళ్ళకి.

నేను చూస్తూనే ఉన్నాను. బావ టీ పోస్తే సగం సాసరులో పడుతోంది. చర్చిలో నేను కీర్తన సంఖ్య చెబితే ఆయన పుస్తకం తెరిచి ఏదో ఒక పేజీ పట్టుకుంటాడు, కంఠతా వచ్చింది పాడేస్తాడు. గొంతు మాత్రం అందరికంటే బాగుంటుంది. పక్కన నిలబడి పాడుతూ నేను దేవుణ్ణి అడిగేవాణ్ణి: ఇది నేను చెప్పాల్సిన మాటా, ఆయన చెప్పుకోవాల్సిన మాటా అని. జవాబు రాలేదో, వచ్చినా నేనే వినలేదో.

ఇంకో భయం ఉంది. అసలు భయం అదే. ఈ రోజుల్లో అడవిలో రంకె వినబడితే అది దుప్పిదో మనిషిదో తెలియదు. వేటగాళ్ళంతా ఆవుకొమ్మో, ప్లాస్టిక్ గొట్టమో నోటికి పెట్టుకుని రంకె వేసి దుప్పిని పిలుస్తారు. అటువైపు ఇంకో వేటగాడు ఉంటే వాడూ జవాబిస్తాడు. ఒకరినొకరు దుప్పి అనుకుని పాక్కుంటూ దగ్గరవుతారు. ఏటా ఎక్కడో ఒకచోట ఒక ఇంట్లో ఏడుపు వినబడుతుంది. మా అమ్మాయి హినెవైకి పోయిన చలికాలం లైసెన్సు వచ్చింది. ఈ ఈస్టరుకి అదీ వెళ్తుంది, అదే అడవికి.

బిగించడం మొదలుపెట్టాను. ముందు అద్దం అంత పెద్దదైతే స్కోపు గొట్టానికి తగలకుండా, దాన్ని పట్టి ఉంచే రింగులు ఎత్తువి వేయాలి. ఎత్తు రింగులు వేస్తే చెంప తుపాకీ వెనకచెక్కకు ఆనదు. బావ తుపాకీ భుజానికి పెట్టుకుని, నీళ్ళు తాగే కోడిలా మెడ పైకెత్తి చూశాడు.

"చెంప గాల్లో ఉంది బావా. ఇలా అయితే గురి నిలవదు."

"దిండు కట్టు."

చెక్క మీద మందపాటి తోలుముక్క పెట్టి తాడుతో చుట్టాను. స్కోపును రింగుల్లో ముందుకీ వెనక్కీ జరిపి, అద్దానికీ ఆయన కంటికీ మధ్య బెత్తెడు చోటు ఉండేలా చూశాను. అది తగ్గితే తుపాకీ తన్నినప్పుడు అంచు వచ్చి కనుబొమ్మ చీల్చేస్తుంది. లోయలో సగంమందికి ఆ నెలవంక గాటు ఉంది. కిటికీలోంచి కనబడేలా బయట కొమ్మకు బరువు కట్టిన దారం వేలాడదీశాను. స్కోపులో నిలువుగీత ఆ దారంతో కలిసేదాకా తిప్పమన్నాను.

"కలిసిందా బావా?"

"కలిసింది."

నేను వంగి చూశాను. కలవలేదు. బాగా పక్కకు ఒరిగి ఉంది. ఏమీ అనకుండా నేనే సరిచేశాను.

చివరికి రింగుల మరలు. ఒకటి బిగించి, దాని ఎదురుది బిగించి, మళ్ళీ మొదటిదానికి రావాలి. ఒకేసారి బిగించేస్తే రింగు ఒక పక్కకు నొక్కుకుపోతుంది. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఈ మరల్ని కొంచెం వదులుగా వదిలేస్తే? రెండు గుండ్లు పేల్చేసరికే స్కోపు కదిలిపోతుంది, బావకు ఏదీ తగలదు, విసుగొచ్చి ఇంటికొస్తాడు. ఎవరికీ అవమానం ఉండదు. పనిముట్టు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. గురి తప్పిన గుండు ఆగదు కదా, ఎక్కడికో ఒకచోటికి పోతుంది. ఆ ఎక్కడో అన్నచోట హినెవై ఉండొచ్చు. సిలువ గుర్తు వేసుకుని గట్టిగానే బిగించాను. చేసిన పని మంచిదా కాదా అని మాత్రం తేలలేదు.

శనివారం పొద్దున్నే గురి సరిచూడ్డానికి మా వెనక పచ్చికబయలుకి వెళ్ళాం. ఇసుకసంచుల మీద తుపాకీ ఆనించి, మట్టికట్టకు ఆనించిన అట్టపెట్టె మీద నల్లచుక్క పెట్టాం. బావ బోర్లా పడుకున్నాడు. మొదటి గుండు చుక్కకు కిందుగా పడింది. నేను స్కోపు పైనున్న గురి మీటను రెండు టిక్కులు తిప్పాను. రెండోది చుక్క అంచును కోసింది.

"చూశావా?" అన్నాడు బావ, పసివాడిలా. "ఎవడ్రా నాకు కళ్ళు లేవన్నది?"

నాకూ తేలికైంది. ఎదురుగా నల్లచుక్క ఉందని ముందే తెలిసినవాడు దాన్ని కొట్టడం వేరు అని నాకు తట్టలేదు. ఆయన మూడో గుండు ఎక్కించి బోల్టు మూశాడు. అంతలో ఆగాడు.

"మాతెనె, వాగవతల ఏదో కదిలింది."

నేను తల తిప్పేలోగా తుపాకీ ఆయనతోపాటే అటు తిరిగింది. ముల్లు, గాడి ఉన్న రోజుల్లో ఆయన ముందు కళ్ళతో చూసేవాడు, అదేమిటో తేలాకే తుపాకీ లేపేవాడు. ఆ పద్ధతి మాకందరికీ నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయనకు కన్ను తుపాకీ మీదే ఉంది.

"ఆడ దుప్పి," అన్నాడు గుసగుసగా. ఇంకా పెద్దగా కనబడేలా స్కోపు ఉంగరాన్ని ఆఖరుదాకా తిప్పాడు. "గోధుమరంగు. వంగి మేస్తోంది. తల కనబడ్డం లేదు గానీ వీపు కనబడుతోంది. దేవుడు ఇంటి ముందుకే పంపాడు చూడు!"

నాకు స్కోపు లేదు. మామూలు కళ్ళతోనే చూశాను. వాగవతల మనూకా పొదల మధ్య రిపెకా వంగి ఆకుకూర కోస్తోంది. చలికి తన పాత గోధుమరంగు స్వెట్టరు వేసుకుంది. మా వైపు వీపు పెట్టి ఉంది.

స్కోపు ముందు అద్దం మీద అరచెయ్యి పెట్టేశాను. ఆయన వేలు ఎక్కడుందో చూడ్డానికి ధైర్యం చాలలేదు.

"ఏం చేస్తున్నావు?"

"అది... కంచె అవతల బావా. పక్కవాళ్ళ నేల. గొడవవుతుంది. బోల్టు తియ్యి."

"పక్కవాళ్ళకి ఒక కాలు పంపిస్తే సరిపోయేది కదా!"

"తియ్యి బావా."

గొణుక్కుంటూ తీశాడు. గుండు గడ్డిలో పడింది. నేను తీసి జేబులో వేసుకున్నాను. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. ఆయన ఆ చుక్కనే మళ్ళీ మళ్ళీ చూసుకుని మురిసిపోతున్నాడు. భార్య పోయాక ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. చెప్పలేకపోయాను. ఇంటికెళ్ళాక అనుకున్నాను. ముసుగు తీసే రోజుకని హినెవై తన మావయ్య కోసం కొత్త చొక్కా కుడుతోంది, అది అయ్యాక అనుకున్నాను. పిరికివాడికి గడువులకు కొదవలేదు.

కొంచెంసేపటికి వాగు మీది పలక దాటి రిపెకా వచ్చింది. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో ఆకుకూర సంచి.

"అయిందా మీ టపటప? చెవులు చిల్లులు పడ్డాయి."

"అయింది. కానీ నీ మొగుడు మంచి దుప్పిని పోగొట్టాడు," అన్నాడు బావ.

"ఎక్కడ?"

"అదిగో, వాగవతల. ఆ మనూకా దగ్గర."

"ఎప్పుడు?"

"ఇందాకే. వంగి మేస్తోంది. కొట్టనివ్వలేదు, పక్కవాళ్ళ నేలట."

రిపెకా నవ్వింది. "పక్కవాళ్ళ నేలేంటి, కంచె దిబ్బ మీద కదా ఉంది? అయినా ఇందాకటినుంచి అక్కడ ఆకుకూర కోస్తున్నది నేనే అన్నయ్యా. దుప్పి వస్తే నాకు కనబడదా?"

మూత తిప్పుతూ అంది, తల ఎత్తలేదు. కప్పులోకి టీ పోసి ఆయనకు చాపింది. బావ అందుకోలేదు. ఆయన ఆమె స్వెట్టరు చూస్తున్నాడు. చెయ్యి చాపి దాని మోచేతి దగ్గర పట్టుకున్నాడు, గుడ్డ నాణ్యత చూసేవాడిలా. రిపెకా నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో గాని ఆమె నవ్వు ఆగిపోయింది.

"నీకు తెలుసా మాతెనె?" అన్నాడు బావ.

"తెలుసు."

"చెప్పలేదేం?"

"ఎలా చెప్పాలో తెలియలేదు బావా."

ఆయన గడ్డిలో కూలబడ్డాడు. రిపెకా ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, "ఏమీ కాలేదుగా, ఏమీ కాలేదుగా" అంటోంది. ఆమె గొంతు వింటే ఏదో అయినట్టే ఉంది.

"కంటి డాక్టరు పోయిన ఏడే చెప్పాడు," అన్నాడు చివరికి. "కుడికంట్లో పొర ముదిరింది, ఎడమకంట్లో కూడా మొదలైందన్నాడు. తుపాకీ ముట్టుకోవద్దన్నాడు. ఆపరేషనుకి రమ్మన్నాడు. అప్పుడు ఆనీకి బాలేదు. తరవాత... ఆమె రాయి ముసుగు తీశాక వెళ్దామనుకున్నా. పెద్ద అద్దం ఉంటే గట్టెక్కుతాననుకున్నా."

"నాతో చెప్పొచ్చుగా," అంది రిపెకా.

"చెబితే తుపాకీ లాక్కునేదానివి."

"లాక్కునేదాన్నే."

బావ నాతో, "ఆ తుపాకీ నీ ఇనప బీరువాలో పెట్టు. తాళంచెవి నేనడిగినా ఇవ్వకు. నేను అడుగుతాను, నా సంగతి నాకు తెలుసు," అన్నాడు.

స్కోపు విప్పమని ఆయన అనలేదు, నేనూ విప్పలేదు. అలాగే తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఈస్టరుకి ముందు హినెవై రెండుసార్లు అడవికి వెళ్ళింది. నేను బైనాక్యులర్స్ పట్టుకుని వెంట ఉన్నాను. ఇద్దరం నారింజరంగు చొక్కాలు వేసుకున్నాం. ఒకసారి దూరం నుంచి రంకె వినబడింది. హినెవై జవాబివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "అది దుప్పే నాన్నా," అంది. ఏమో, నాకు తెలియలేదు. వెనక్కి వచ్చేశాం. ఉత్త చేతులతోనే.

ముసుగు తీసిన రోజు భోజనంలో గొర్రెమాంసం, చిలగడదుంపలు, రిపెకా కోసిన ఆకుకూర, పొగబెట్టిన మలుగుచేప ఉన్నాయి. బల్లల నిండా చుట్టాలు. ప్రార్థన నేనే చెప్పాను. ఆమెన్ అన్నారో లేదో, బావ పినతండ్రి కొడుకు మొకెనా అటు చివర్నుంచి అరిచాడు.

"రావిరీ! దుప్పి ఏదిరా? ఈ ఏడు నీ రంకెలకి ఆడ దుప్పులు కూడా రాలేదా?"

అందరూ నవ్వారు. నా చేతిలో గిన్నె ఆగిపోయింది. బావ లేచి నిలబడ్డాడు.

"రాలేదని కాదురా. నాకు కనబడలేదు."

మళ్ళీ నవ్వారు.

"నవ్వకండి. నిజంగానే చెబుతున్నా. కళ్ళు పోతున్నాయి నాకు. మొకెనా, నువ్వు ఎక్కడ కూర్చున్నావో కూడా గొంతును బట్టే తెలిసింది. వచ్చే వారం ఆపరేషను. ఆనీ ఉంటే ఈ మాట ఎప్పుడో మీకు చెప్పేసేది. మాంసం కొన్నదే. తినండి."

కూర్చున్నాడు. మొకెనా ముఖం ఎర్రబడింది. కాసేపటికి అతనే లేచి వచ్చి, తన కుర్చీ తెచ్చుకుని బావ పక్కన వేసుకున్నాడు. రెండోపక్క రిపెకా ఆయన పళ్ళెం తన ముందుకు లాక్కుని మలుగుచేపలో ముళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఇంతకుముందైతే ఆయన చెయ్యి విదిలించేవాడు. ఆ రోజు ఒడిలో చేతులు పెట్టుకుని, ఆమె ఏరేదాకా ఊరుకున్నాడు.