పొయ్యి ముందు చెప్పులు

పుప్పాలగూడలో దోసెల బండి నడిపే రుక్కమ్మ పొయ్యి దగ్గర చెప్పులు వేసుకోదు. పొయ్యంటే లక్ష్మి, దాని ముందు చెప్పులేమిటి? ఎండకు ఫుట్‌పాత్ పెనంలా కాలినా సరే, చెప్పులు బండి వెనకే ఉంటాయి. ఆమెకు అన్నం పెట్టేది ఆ కాస్త జాగాయే. ఆమె పట్టింపే ఆ జాగాకు ఎసరు పెట్టింది.

ఆ పొద్దున ఎదుటి అపార్ట్‌మెంట్లకు కరెంటు పోయింది. నేలలో కేబుల్ ఎక్కడో చెడిందట. కరెంటాఫీసు నుంచి స్వామి ఒక మిషన్ తెచ్చాడు. అది ఉండుండి కేబుల్లోకి కరెంటు దెబ్బ కొడుతుంది, చెడిన చోట నేల చప్పుడు చేస్తుంది. స్వామి హెడ్‌ఫోన్ తగిలించుకుని, నేలకు మైకు ఆనించి వింటూ నడిచాడు. ఐటీ బస్సుల మోతలో ఏం వినబడుతుంది, నా తలకాయ!

"జర పొయ్యి బందు చెయ్యమ్మా," అన్నాడు స్వామి బండి దగ్గరికొచ్చి, దాని హోరు కూడా అడ్డమై.

రుక్కమ్మ ఆర్పింది. మరుక్షణం అరికాళ్లకు ధన్‌మని తగిలింది.

"అయ్యో సారూ, గీడ్నే! నా కాళ్ల కిందనే కొడ్తున్నది!" అని సంబరంగా అరిచింది. ఎవరడిగారు తల్లీ నిన్ను?

"ముందుగాల చెప్పులేస్కో, షాక్ కొడ్తది!" అని స్వామి కసిరాడు. మైకు పెట్టి విని, అవునన్నాడు.

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు పార్థసారథి గారు దిగివచ్చారు. ఆ బండిని లేపించాలని ఎన్నాళ్లుగానో తిరుగుతున్న పెద్దమనిషి. "కాస్త పక్కకు తీయమ్మా. గుంత పూడ్చగానే మళ్లీ పెట్టుకుందువుగానీ," అన్నారు, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు. పిచ్చిది, చెప్పులేసుకుని తానే బండి తోసింది.

తవ్వితే కేబుల్లో ఇనుప గొట్టం దిగి ఉంది. అది బండి పక్కన సంఘం వాళ్లు పాతించిన బోర్డుకున్న కాలే, వాలుగా దిగింది. బోర్డు మీద రాత: ఇక్కడ బండ్లు పెట్టరాదు.

"గిది ఎవరు పాతిన్రు?" అన్నాడు స్వామి. పార్థసారథి గారు ఫోన్ చూసుకున్నారు.

మధ్యాహ్నానికి కరెంటొచ్చింది. మర్నాడు రుక్కమ్మ బండి తోసుకొస్తే, గుంత మీద సిమెంటు, దాని మీద పూలకుండీలు. బోర్డును మాత్రం కేబుల్‌కు తగలకుండా జాగ్రత్తగా పక్కకు జరిపి పాతారు.

"ఏంది సారూ, మల్ల పెట్టుకొమ్మంటిరి గద!"

"కింద కేబులుందని నువ్వే చూపించావు కదమ్మా. దాని మీద పొయ్యి వెలిగిస్తే ప్రమాదం కాదూ?" అన్నారాయన.

రుక్కమ్మ బండిని వెనక్కి తిప్పింది. ఆగి కాళ్లకేసి చూసుకుంది. చెప్పులున్నాయి. పొయ్యి వెలిగించే జాగాయే లేనప్పుడు ఇక విప్పే పనేముంది?