పోయిందేదో, లేనిదేదో

లొరెట్టా రెండు తెల్లచొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ముందు భర్తది, తర్వాత తనది. ఇద్దరూ ఒకే విమాన కంపెనీలో పైలట్లు. రస్ భుజాన కెప్టెన్ పట్టీలు నాలుగు, ఆమెకు కోపైలట్‌వి మూడు.

"కాలరు మీద ఇంకోసారి పెట్టవా? యూనియన్ మీటింగులో ముందు వరసలో కూర్చోవాలి" అన్నాడు రస్, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా.

పెట్టింది. కంపెనీ దివాలా తీసి జీతాలు కోసిన ఏడాది పనిమనిషిని మాన్పించారు. "ఇద్దరికీ తగ్గిందిగా, సర్దుకోవాలి" అన్నాడప్పుడు. సర్దుకోవడమంటే అంట్లూ బట్టలూ తన వాటాకు రావడమని ఆమెకు తర్వాత తెలిసింది. జీతంలో కోత ఇద్దరికీ పడింది, నిద్రలో కోత ఆమెకే పడింది. కెప్టెన్ అయ్యే వంతు రెండుసార్లు వచ్చింది. కొత్తగా కెప్టెన్ అయినవాళ్లు కంపెనీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తాలి. "ఇద్దరూ గాల్లో ఉంటే పిల్లాడికి తిండెవరు పెడతారు, పక్షులా?" అంది అత్త వాండా. లొరెట్టా రెండుసార్లూ వద్దని చెప్పేసింది. అంతకుముందు, కడుపుతో ఉన్నప్పుడు కంపెనీ ఆమెను విమానం ఎక్కనివ్వలేదు, జీతమూ ఇవ్వలేదు. "ఇంట్లో కూర్చున్నదానికి ఎవరిస్తారమ్మాయ్?" అనేది కూడా వాండాయే. అప్పట్లో ఆ మాట నిజమే అనిపించింది.

మీటింగు పిట్స్‌బర్గ్ శివార్లలో, ఫైర్ స్టేషన్ హాల్లో. పైలట్లకు సెలవులు, పండగలు, మంచి ట్రిప్పులు అన్నీ సీనియారిటీ నంబరును బట్టే. ఎవరూ చెప్పకపోయినా కుర్చీల్లోనూ అదే వరసలో కూర్చుంటారు. రస్ ముందుకెళ్లాడు. లొరెట్టా మధ్యలో ఆగబోయి, చివరి వరసలో ఒంటరిగా ఉన్న కొత్తపిల్ల మారిసోల్ మొహం చూసి అక్కడికెళ్లింది.

"ఏంటలా ఉన్నావ్?"

"మూడో నెల. ఎవరికీ చెప్పకు. తెలిస్తే విమానం దించి జీతం ఆపేస్తారు. అద్దె కట్టేది నేనొక్కదాన్నే."

లొరెట్టా కుర్చీని ఆమె పక్కకు జరుపుకుంది.

"అన్నదమ్ముల్లారా!" అని మొదలుపెట్టాడు యూనియన్ పెద్ద గస్. అంతలో లొరెట్టా కనబడింది. "ఆఁ, అక్కచెల్లెళ్లు కూడా. ఈసారి కంపెనీతో రాసుకునే ఒప్పందంలో పోయిన జీతం తిరిగి తేవడమే మన కోరిక. ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. అడగందే అమ్మైనా పెట్టదు."

"పోయింది పోయినట్టు తెండి చాలు! పడవ అమ్ముకున్నాను బాబూ!" అని ముందు వరసలోంచి డుయేన్ అరిచాడు. హాలంతా నవ్వింది.

వాళ్లకు వెనకటి రోజులు కావాలి. వెనకటి రోజుల్లో తనకేముంది? లొరెట్టా లేచి, నంబర్ల వరసలన్నీ దాటుకుంటూ మైకు దగ్గరికి నడిచింది. రస్ కళ్లు పెద్దవి చేశాడు.

"కడుపుతో ఉన్న నెలల్లో నా జీతం పోలేదు గస్. అసలెప్పుడూ లేదు. లేనిదాన్ని తిరిగి తేలేం. కొత్తగా అడగాలి."

"అది ఆడాళ్ల సంగతి కదమ్మా" అన్నాడు డుయేన్.

"నీ మోకాలికి ఆపరేషనైనప్పుడు జీతం ఆపొద్దని మేమందరం చేతులెత్తాం డుయేన్. అది మోకాలు నొప్పి ఉన్నవాళ్ల సంగతే అనుకున్నామా?"

హాలు మళ్లీ నవ్వింది. అందరికంటే గట్టిగా డుయేనే నవ్వాడు. "చంపేశావు తల్లీ" అంటూ చెయ్యెత్తాడు. అతని వెనక ఒక వరస, ఆ వెనక మరో వరస. చివర్న మారిసోల్ రెండు చేతులూ ఎత్తింది. రస్ అటూ ఇటూ చూసి తనూ ఎత్తాడు.

"సరే, కోరికల్లో చేరింది" అన్నాడు గస్. "కానీ కంపెనీవాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే మేం నీళ్లు నములుతాం. బేరానికి నువ్వే కూర్చోవాలి. వారంలో నాలుగు రోజులు. ఏడాది పట్టినా పట్టొచ్చు."

రస్ ఆమె వైపు వంగి మెల్లగా అడిగాడు. "మరి ఇల్లో?"

"దానికి మనిద్దరం వేరే ఒప్పందం రాసుకుందాం రస్" అంది లొరెట్టా, మైకు ఇంకా నోటి దగ్గరే ఉందని తెలిసే. "అందులో మాత్రం పాతదేదీ తిరిగి రాదు."