ఎడమ కాలి బరువు

నేను ఒక క్లచ్ ప్లేటును. కారు కొనడానికి వచ్చినవాళ్ళు రంగు చూస్తారు, సీట్లు నొక్కి చూస్తారు, హారన్ కొట్టి చూస్తారు. నా మొహం చూసేది మెకానిక్కు ఒక్కడే, అదీ నాకు రోగం వచ్చాక. జానెడు వెడల్పున్న ఉక్కు పళ్ళేన్ని. ఇంజను చక్రానికీ ఒక ఇనుప బిళ్ళకూ నడుమ నా కాపురం. డ్రైవరు ఎడమ కాలు ఎత్తితే ఆ రెండూ నన్ను బిగించి పట్టుకుంటాయి, ఇంజను బలం నా మీదుగా చక్రాలకు పోతుంది. కాలితో తొక్కితే వదిలేస్తాయి. ఈ రెండూ నాకు హాయే. సగం తొక్కి సగం వదిలేవాళ్ళతోనే చిక్కు.

ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో నన్ను గుండ్రంగా కోసి, రెండు వైపులా గరుకు పట్టీలు వేసి రివిట్లు కొట్టారు. తొలి కొలువు అనకాపల్లిలో ఒక డ్రైవింగ్ స్కూలు కారులో. రోజుకు పది కొత్త కాళ్ళు. పెళ్ళిలోపు లైసెన్సు తెచ్చుకోవాలని వచ్చిన ఒక పెళ్ళికొడుకు నన్ను కమిలేదాకా రాపాడించి, "ఏదో మాడు వాసన, ముందు లారీదేమో" అనేవాడు. మనిషి కాలు తన తప్పును ఎప్పుడూ ముందు లారీ మీదకే తోస్తుంది.

అక్కడే, నా మీదే డ్రైవింగ్ నేర్చుకుంది నూకరత్నం. మాడుగుల దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆటల టీచరు. డ్రైవింగ్ స్కూలువాళ్ళు పాత కారు అమ్మేస్తుంటే, చేతికి అలవాటైన బండి అని ఆవిడే కొనుక్కుంది. మంచి మనిషి. ఒక్కటే అలవాటు: బండి నడుస్తున్నంతసేపూ ఎడమ కాలు పెడల్ మీద ఆనించి ఉంచేది. చెప్పు బరువే కదా అనుకునేది. ఆ చెప్పు బరువుకే నేను రోజూ కాస్త కాస్త జారుతూ అరిగిపోయాను.

"క్లచ్ జారతంది మేడమ్‌గోరూ, ప్లేటు మార్పించీండి" అని మెకానిక్ సన్యాసిరావు రెండుసార్లు చెప్పాడు. "సెలవుల్లో చూద్దాంలే" అంది రెండుసార్లూ.

సెలవులకంటే ముందు కబడ్డీ ఎంపికలు వచ్చాయి. పాడేరులో, ఉదయం పది గంటలకు. పదిలోపు పేర్లు ఇవ్వకపోతే ఆ ఏటికి అంతే. ఎక్కాల్సిన బస్సు రాలేదు. నూకరత్నం నలుగురు ఆడపిల్లల్నీ వాళ్ళ సంచుల్నీ కారులో కుక్కి ఘాట్ రోడ్డు పట్టింది.

నాలుగో మలుపు దగ్గర నా వల్ల కాలేదు. ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం కదలడం లేదు. కమురు వాసన లోపలికి కొట్టింది.

"మేడమ్, ఏటో మాడిపోతంది!" అంది ముందు సీట్లో కూర్చున్న దాలమ్మ. నలుగురిలోనూ పొడగరి, బలశాలి.

నూకరత్నం బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రానికి రాయి పెట్టించి, సన్యాసిరావుకు ఫోన్ చేసింది.

"ముందు సల్లారనీండి, ఒక అరగంట. పిల్లల్ని దించీండి. ఫస్టు గేరులోనే నెమ్మదిగా ఎక్కించీండి. ఎడం కాలు తీసేసి కింద ఎట్టుకోండి."

"నేను క్లచ్ తొక్కడం లేదు కదయ్యా!"

"తొక్కట్లేదు మేడమ్‌గోరూ, ఆనిత్తన్నారు. దానికి రెండూ ఒకటే."

ఆవిడ తన ఎడమ కాలి వైపు చూసుకుంది. గడియారం చూసింది. ఆడాల్సిన పిల్లల్ని నడిపించి కొండ ఎక్కిస్తే అక్కడ ఏం ఆడతారన్నది ఆవిడ బెంగ.

దాలమ్మే తేల్చింది. "మీరు బండి తెండి మేడమ్. మేం నడిసొచ్చేత్తాం. ఆటకి ముందు ఒళ్ళు ఏడెక్కాల కదా."

అరగంట ఆగాక పిల్లలు వెనక నుంచి తోశారు. నూకరత్నం మెల్లగా పెడల్ వదిలి, కాలు పూర్తిగా తీసి నేల మీద పెట్టింది. ఆవిడ కాలి బరువు లేకుండా నేను నిలబడడం అదే మొదటిసారి. మిగిలిన గరుకంతా కూడగట్టుకుని ఇంజను చక్రాన్ని కరుచుకున్నాను. బండి నత్తలా కదిలింది, కానీ కదిలింది. నిట్టనిలువు ఎక్కుడు ముగిసేదాకా పిల్లలు అడ్డదారిన కొండ ఎక్కి, ప్రతి మలుపులోనూ మాకంటే ముందే నిలబడి చేతులూపారు. ఆ పైన వాళ్ళూ మళ్ళీ బండెక్కారు. పదికి ఎనిమిది నిమిషాలుండగా పాడేరు మైదానంలో దిగాం.

ముగ్గురు ఎంపికయ్యారు. దాలమ్మ కాలేదు. చేతుల్లో బలముంది గానీ కాళ్ళలో చురుకు చాలదన్నారు. తిరుగుదారిలో ఆ పిల్ల కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నూకరత్నం ఓదార్చలేదు, ఆలోచిస్తూ బండి నడిపింది. ఎడమ కాలు కిందే ఉంది.

శనివారం సన్యాసిరావు నన్ను బయటికి తీశాడు. పట్టీలు రివిట్ల దాకా అరిగిపోయాయి, ఉక్కు నీలంగా కాలింది.

"ఇంతపనీ నా కాలే చేసిందా?" అంది నూకరత్నం.

"సగం డ్రైవింగ్ స్కూలోలు, సగం తమరు" అని, నన్ను తుక్కులో పడేయబోయాడు.

ఆవిడ ఆపింది. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. "కిలో ఉంటుందా?"

"ఇంచుమించు."

"అంచులు అరగదీసి, చుట్టూ సైకిల్ ట్యూబు బిగించి ఇయ్యి."

"ఏటి సేత్తారు దీన్ని?"

"విసిరేస్తాం."

సోమవారం సాయంత్రం బడి మైదానంలో నన్ను దాలమ్మ చేతిలో పెట్టింది. "దీన్ని డిస్కస్ అంటారు. అసలుది కావాలంటే కాగితం పెట్టాలి, అది వచ్చేసరికి నువ్వు పది పాసైపోతావు. చేతుల్లో బలముందన్నారుగా, చూపించు."

మొదటిసారి ఆ పిల్ల కాలి దగ్గరే పడ్డాను. రెండోసారి పక్కకు పోయి గడ్డి మేస్తున్న మేకను బెదరగొట్టాను. మూడోసారి దాలమ్మ పళ్ళు బిగించి, ఒళ్ళంతా ఒక చుట్టు తిప్పి వదిలింది.

ఎన్ని లక్షలసార్లు తిరిగానో, ఒక్కసారీ ఒంటికి గాలి తగల్లేదు. ఇప్పుడు తగిలింది. కింద నూకరత్నం మొహం చిన్నదైంది, జామచెట్టు పక్కకు జరిగింది. మెత్తటి మట్టిలో దిగాను.

"పదహారు మీటర్లు!" నూకరత్నం టేపు పట్టుకుని అరిచింది. "నువ్వు ఇన్నాళ్ళూ కబడ్డీలో ఏం చేస్తున్నావే?"

దాలమ్మ అప్పటికే నా కోసం పరుగెత్తుకొస్తోంది, నవ్వుతూ.