జ్ఞానయ్య మోసిన బ్యాటరీ

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. నాలుగు ముక్కలు కూడబలుక్కుని రాసేసరికి పొద్దు వాలుతుంది. ఈ కథలో మనిషి నా భర్త. బతికున్నన్నాళ్ళూ ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు, ఇక్కడ రాస్తున్నాను. నేను లేనిచోట జరిగింది చూసినవాళ్ళు చెప్పగా విన్నదే.

జ్ఞానయ్య కావడి ఎత్తి భుజాన సర్దుకున్నాడు. ఒకవైపు ఊరి రేడియో బ్యాటరీ, రెండోవైపు దానికి సరితూగే పలకరాయి. పెద్దారవీడు చావిడిలోని రేడియోకు బ్యాటరీలు రెండు. ఒకటి రేడియోకు తగిలించి ఉంటే, ఇంకొకటి మార్కాపురంలో బియ్యం మిల్లు ఇంజను దగ్గర ఛార్జి ఎక్కుతుంటుంది. అయిపోయినదాన్ని అక్కడ ఇచ్చి, నిండినదాన్ని తేవడం ఆయన పని. ఒరిగితే లోపలి ఆసిడ్ ఒలుకుతుంది. అందుకని గుంటల్లో కూడా మోకాళ్ళు కాస్త వంచి, నడుము కదలకుండా నడిచేవాడు. అయినా ఆయన పంచె నిండా చిల్లులే. ఎడమ భుజం మీద కాయ కాసి చింతపిక్కలా నల్లగా మెరిసేది.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు. పొద్దుగూకితే మా పాలెం అంతా చీకటి.

"ఊరికి పాటలు మోసుకొస్తావు. ఇంటికి మిణుగురంత వెలుగన్నా తేవు" అని ఎత్తిపొడిచేదాన్ని.

ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆ రోజు కావడి ఎత్తడానికి వారం ముందు రేడియో చూసుకునే బ్రహ్మం దగ్గర నోరు తెరిచి అడిగినాడు.

"బ్యాటరీ ఒక్క సాయంత్రం ఇయ్యయ్యా. వార్తలైపోయినాక మా ఇంట్లో పెట్టుకుని, మళ్ళా తెచ్చిస్తా."

"సరేలేరా, ఈసారి నిండింది వచ్చినాక తీసకపో. బల్బేదిరా నీకు?"

"అది నేను చూసుకుంటా."

ఆ రోజు మిల్లు దగ్గర బ్యాటరీ మార్చుకున్నాక, ఇంజను నడిపే ఓబులేసు నూనె చేతులు తుడుచుకుని, గూట్లోంచి చిన్న బల్బు తీసిచ్చినాడు. బస్సు వెనకదీపానిది. జ్ఞానయ్య దాన్ని ఎండకెత్తి చూసినాడు.

"ఇంత సన్న దారం వెలుగుతాదా మామా?"

"వెలుగుతాది అల్లుడా. నీ పెండ్లాం మొగం సరిగ్గా కనపడతాది, జడుసుకోబాకు."

బయట, పెట్రోలు కరువుకు బొగ్గులతో నడిపే బస్సు పొగ కక్కుకుంటూ ఆగింది. ఓబులేసు గడ్డంతో అటు చూపించినాడు.

"బొగ్గులు తిని ఎట్ల దగ్గుతాందో చూడు. ముందు ముందు బస్సులు కూడా బ్యాటరీతోనే నడుస్తాయంట. ఛార్జి పెట్టే ఇంజన్లు దోవ పొడుగునా ఊరూరా ఉంటాయంట."

"అప్పుడు నన్నెవురు పిలుస్తారు మామా?"

"నువ్వు బస్సెక్కి కూసుందువుగాని, దొరా!"

జ్ఞానయ్య పెద్దగా నవ్వినాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంది? కాసేపు కూసో."

"ఏం లే, ఎండ. కూసుంటే పొద్దుగూకతాది."

బల్బును గుడ్డలో చుట్టి మొలలో దోపుకుని బయలుదేరినాడు. దారిలో చేలో పనిచేస్తున్న ఆడవాళ్ళు పలకరించినారు.

"ఏం మోసకపోతాండావన్నా?"

"పాటలు."

"అయితే ఒకటి పాడించు!"

"నాకాడ మొండికేస్తాది. చావిడిలోనే పాడతాది" అన్నాడు. ఆగలేదు.

నిండిన బ్యాటరీకీ వట్టిదానికీ బరువులో తేడా ఉండదు. అయినా ఆ రోజు ఆయన మాటిమాటికీ భుజం మార్చుకుంటున్నాడని ఆ ఆడవాళ్ళే తర్వాత చెప్పినారు.

ఊరు ఇంకాస్త దూరం ఉందనగా, గొర్రెలు తోలుకొస్తున్న నాగులు ఆయన్ను చూసినాడు. గానుగచెట్టు కింద మానుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని పిలిచినాడు. పలకలేదు. బ్యాటరీ నీడలో చదునైన చోట ఉంది. దాని మీద తలగుడ్డ పరిచి ఉంది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

బండి కట్టుకుని పోయి ఇద్దరినీ తెచ్చినారు. బ్యాటరీ చావిడి దగ్గర దిగింది. ఆయన మా గుమ్మం ముందు దిగినాడు. పాలెం వాళ్ళు కీర్తన అందుకునేసరికి చావిడిలో రేడియో మోగింది. వెంటనే ఎవరో ఆపినారు.

మట్టి చేసిన మరునాడు బ్రహ్మం వచ్చి వాకిట్లో నిలబడినాడు.

"ఎలీషబా, వానికి మాటిచ్చినా. బ్యాటరీ తెప్పించేదా?"

"వద్దయ్యా. వెలుగొస్తే ఆయన లేంది కనపడతాది."

బ్రహ్మం తల దించుకుని పోయినాడు.

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు ఉంది. దాని వెలుగులోనే ఇది రాస్తున్నాను. ఆయన మొలలో దొరికిన ఆ బల్బు ఈ కరెంటుకు సరిపోదంట, తగిలిస్తే ఒక్క దెబ్బకు కాలిపోతుందంట. ఆసిడ్ చిల్లులున్న పంచె ముక్కలో అట్లనే చుట్టి పెట్టినాను, లోపలి దారం తెగలేదు.

ఎలీషబా
డెబ్బై రెండేళ్ళు
ప్రస్తుతం గిద్దలూరులో, కూతురి దగ్గర