మూడున్నర టన్నులు

సొంత బండికి కాటా వేయించుకునే మొగాడు ఈ జిల్లాలో ఎవడైనా ఉన్నాడా అని రసెల్ ప్రాట్లీ పొద్దున్నే వీధి వీధంతా వినపడేలా నవ్వాడు. ఆ నవ్వుకే నోలీన్‌కి సగం ఒళ్ళు మండింది. ఆమె అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ఊరు దాటేటప్పుడు గోధుమ గోదాముల పక్క నుంచే వెళ్ళాలి, అక్కడ లారీల కాటా ఉంది. దాని మీద ఒక్క నిమిషం ఆగి, వెనక తొట్టి ఉన్న తమ యూట్ బండి, దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద కారు, అన్నీ కలిపి ఎంత తూగుతాయో చూసుకుని పోదామంది. అంతే.

రసెల్ యూట్ వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. ట్రైలరు తగిలించే ఇనుప గుండు మీది జిడ్డుని బొటనవేలితో తుడిచి, దాని మీద కొట్టిన అంకెని చూపించాడు.

"కళ్ళజోడు పెట్టుకుని చదువు నోల్. మూడున్నర టన్నులు. ఇనుము మీద కొట్టిన అంకె అది, నోటిమాట కాదు."

ఆ అంకెని ఆ చుట్టుపక్కల మగవాళ్ళు నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మరు. క్లబ్బులో ఎవడు కొత్త యూట్ కొన్నాడన్నా మొదటి ప్రశ్న ఎంత లాగుతుందనే. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే, మూడున్నర. ఆ తర్వాత ముందు ఉక్కు కడ్డీల చట్రం బిగిస్తారు, కంగారూ అడ్డొస్తే బండిని కాయాలని. దానికి బురదలో దిగబడితే లాగే వించి తగిలిస్తారు, అడుగున ఇంకో డీజిలు ట్యాంకు పెట్టిస్తారు, వెనక తొట్టికి ఉక్కు పెట్టె కప్పిస్తారు. వీటిలో ఒక్కదానికీ బరువుండదని వాళ్ళ ఉద్దేశం. కొన్న రోజున విన్న మూడున్నర టన్నులు మాత్రం వాళ్ళ బుర్రల్లో చెక్కు చెదరదు.

ఈ యూట్ నోలీన్ది, ఆమె భర్త కెల్విన్ది. ట్రైలరు మీద ఎక్కించిన కింగ్స్‌వుడ్ కారు కెల్విన్ అన్న రసెల్ది. డెబ్బైల నాటి బండి. తొమ్మిదేళ్ళుగా షెడ్డులో దాని పక్కనే తిని, దాని పక్కనే కునుకు తీసి, చివరికి నారింజ రంగు వేసి నిగనిగలాడేలా చేశాడు. అక్టోబరు సెలవులకి కలంబీన్‌లో పాత కార్ల ప్రదర్శన. దాన్ని నడుపుకుంటూ వెళితే రంగు మీద రాళ్ళు పడతాయట, అందుకని ట్రైలరు. అక్కడితో ఆగినా బాగుండేది. అక్కడ పాత సామాన్ల మార్పిళ్ళు కూడా జరుగుతాయి కాబట్టి కారు డిక్కీ నిండా, వెనక సీటు నిండా ఇనుప సామాను కుక్కాడు. యూట్ తొట్టిలో ఒక పూర్తి ఇంజిను, జనరేటరు, గుడారాలు, బీరు నింపిన ఐసు పెట్టె సర్దాడు. అవన్నీ అన్న ఎక్కిస్తుంటే కెల్విన్ తాళ్ళు అందించాడు.

మరి నడిపేది నోలీన్ ఎందుకయింది? ఆమె తాగదు కాబట్టి. అదే ఆమె చేసిన నేరం. పెళ్ళయిన నాటి నుంచి ప్రాట్లీ వాళ్ళింట పెళ్ళికీ, చావుకీ, ఫుట్‌బాల్ ఆటకీ, గుర్రప్పందేలకీ అందరినీ తీసుకెళ్ళి తీసుకొచ్చేది ఆమే. క్లబ్బులో డ్రైవరుకి ఉచితంగా ఇచ్చే నిమ్మసోడా తాగీ తాగీ ఆ వాసనంటేనే ఆమెకి విసుగు పుట్టింది. అయినా ఒక్కనాడూ కాదనలేదు. ఇంటి దగ్గర దిగి, తలుపు వేసి, "బాగా తోలావు నోల్" అన్న మొనగాడు ఇంతవరకూ లేడు.

ఇందులో బాధపడవలసింది ఏముంది అంటారేమో, ఉంది. నోలీన్ స్కూలు బస్సు నడుపుతుంది. మట్టి దారుల వెంట, పొలాల గేట్ల దగ్గర నిలబడే పిల్లల్ని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపుతుంది. ఏ గేటు దగ్గర ఏ కుక్క టైరు వెంట పడుతుందో, ఏ పిల్లకి మలుపుల్లో కడుపులో తిప్పుతుందో ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో ఆమెది అంటూ ఉన్నది ఆ ఉద్యోగం ఒక్కటే. లైసెన్సు మీద ఒక్క మచ్చ కూడా లేకుండా దాన్ని చేసుకుంటూ వచ్చింది, మొన్నటి ఈస్టరు దాకా.

ఈస్టరు సెలవుల్లో దారిలో కెల్విన్‌కి దాహం వేసింది. వెనక ఉన్న ఐసు పెట్టె అందుకోవడానికి సీటు బెల్టు తీశాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు పైనున్న కెమెరా ఫొటో తీసింది. పక్కన కూర్చున్నవాడు బెల్టు పెట్టుకోకపోయినా లైసెన్సు మీది పాయింట్లు పోయేది డ్రైవరుకే. సెలవు రోజుల్లో అయితే రెట్టింపు. బస్సు యజమాని నోలీన్‌ని పిలిచి, నువ్వంటే నాకు గౌరవమే కానీ పిల్లల తల్లిదండ్రులకి నేను జవాబు చెప్పుకోవాలి, ఇంకొక్కసారి పాయింట్లు పోతే బస్సు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే కెల్విన్ "అయ్యో" అన్నాడు. అని, టీవీ శబ్దం పెంచాడు.

ఇది జరిగి ఆరు నెలలు కాలేదు. ఇవీ సెలవు రోజులే. అందుకే ఆమె కాటా అడిగింది. గుండు మీది అంకె చూపించేసరికి, ఇంకా వాదిస్తే ప్రయాణం మొదట్లోనే గొడవ అవుతుందని ఊరుకుంది. ఊరుకున్నందుకు ఆమెని ఏమనకండి. ఎదురుగా ఇద్దరు మగవాళ్ళు నవ్వుతూ నిలబడినప్పుడు ఎంతమంది నోరు విప్పారో ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చు.

హైవే మీద బండి ముక్కు పైకి లేచినట్టు, స్టీరింగు తేలిపోతున్నట్టు ఆమె చేతులకి తెలుస్తూనే ఉంది. బ్రేకు నొక్కితే వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంది. ఎనభై దాటకుండా నడిపింది. రసెల్ వెనక సీట్లోంచి, "ఇలా అయితే ప్రదర్శన అయ్యాక చేరతాం" అని రెండుసార్లు దెప్పాడు.

కలంబీన్ ఇంకా అరగంట ఉందనగా రోడ్డు పక్క ఆగేచోట పసుపు చొక్కాల వాళ్ళు కనిపించారు. కారవాన్లనీ ట్రైలర్లనీ ఒక్కొక్కటిగా లోపలికి పిలుస్తున్నారు. నోలీన్‌ని కూడా చెయ్యి ఊపి పిలిచారు. తనిఖీ అధికారిణి ముప్ఫై దాటని మనిషి. చొక్కా మీద హెనారె అని పేరు కుట్టి ఉంది. ఎవరూ దిగకండి, కూర్చునే ఉండండి అని చెప్పి, చక్రాల కింద పల్చటి తూకం పలకలు పెట్టించింది. చేతిలోని చిన్న తెర చూసింది. డ్రైవరు తలుపు తెరిపించి, తలుపు చట్రం మీద అంటించిన రేకుని చదివింది. మళ్ళీ తెర చూసింది.

ఈ యూట్ తనూ తను లాగే ట్రైలరూ కలిపి ఆరు టన్నులు దాటకూడదని, నూట డెబ్బై కిలోలు ఎక్కువుందని చెప్పింది.

రసెల్ ఒక్క ఉదుటున దిగాడు. వెనకే కెల్విన్ దిగాడు. రసెల్ ఆమెని బండి వెనక్కి తీసుకెళ్ళి, పొద్దున చూపించినట్టే ఇనుప గుండు చూపించాడు. ఆమె వంగి ఓపిగ్గా చదివింది.

"ఆ గుండు ఎంత మోస్తుందో చెబుతుందండీ ఇది. మీ బండి ఎంత మోయాలో తలుపు మీద రాసుంది. రెండూ వేరు" అంది.

రసెల్ ఆ మాట విని ఆ పిల్లకి బండ్ల గురించి ఏం తెలుసన్నట్టు తమ్ముడి వైపు చూశాడు. ఆమె పట్టించుకోలేదు. తొట్టిలోకీ, కారు వెనక సీట్లోకీ తొంగి చూసి అడిగింది:

"ఈ సామానంతా ఎక్కించిందెవరు?"

రసెల్ టైరు వంక చూశాడు. ఆ టైరుని అంత శ్రద్ధగా అంతకు ముందెప్పుడూ చూసి ఉండడు. నోలీన్ కిందకి దిగి భర్త వైపు చూసింది. ఒక్క మాట చాలు. మేము ఎక్కించాం అంటే చాలు. చట్టం దాంతో మారదు, డ్రైవరు డ్రైవరే. కానీ తాళ్ళు అందించిన చేతులు తనవేనని ఆ మనిషి నోటితో చెబితే అదే పదివేలు అనుకుంది.

కెల్విన్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నడుపుతున్నది తను కదండీ" అన్నాడు.

నోలీన్‌కి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ పొద్దుటి కోపం కాదు. ఇన్నేళ్ళుగా చలికాలపు అర్ధరాత్రులు క్లబ్బుల బయట బండి వెచ్చబెట్టుకుని వీళ్ళ కోసం ఎదురుచూసిన మనిషి కోపం. వీళ్ళు కక్కుకున్న సీట్లు కడిగిన మనిషి కోపం. ఇంటికి చేర్చవలసినప్పుడు మన నోల్. తప్పు ఎవరిదని అడిగినప్పుడు, నడుపుతున్నది తను. ఎంత తేలిగ్గా వచ్చేసిందా మాట, నమలకుండా, మింగకుండా.

హెనారె నోలీన్ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. బాధ్యత డ్రైవరుదే, అందులో తను చేయగలిగింది లేదు. కాగితం రాస్తే జరిమానాతో పాటు పాయింట్లు పోతాయి, సెలవులు కాబట్టి రెట్టింపు. అయితే ఎక్కువున్నది ఇక్కడే దించేసి, తూకం సరిపోతే, ఈసారికి మందలించి పంపేస్తుంది. దించకపోతే బండి ఇక్కడి నుంచి కదలడానికి వీల్లేదు.

"ఇంజిను దించు రసెల్" అంది నోలీన్.

రసెల్ కుదరదన్నాడు. ఇక్కడ వదిలితే గంటలో ఎవడో ఎత్తుకుపోతాడట. దానికోసం తను రెండేళ్ళు వెతికాడట. కలంబీన్‌లో ఒకడికి మాటిచ్చాడట కూడా. కారులో సామాను సంగతి అడిగితే అదీ అంతేనట. చివరికి చెయ్యి ఊపి, "రాసుకోనీ నోల్, జరిమానా నేను పడేస్తాను" అన్నాడు.

"పాయింట్లు?"

"నీకు బోలెడున్నాయి కదా."

ఈ సంగతి తెలియక అన్నాడనుకుందాం. తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు కదా, అతను చెప్పాలి. బస్సు యజమాని అన్న మాట ఉన్నదున్నట్టు విన్నవాడతను. కెల్విన్ దగ్గరకొచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే నోల్. అన్నయ్య తొమ్మిదేళ్ళ కష్టం. ఈ ఒక్కసారికి సర్దుకో" అన్నాడు.

నోలీన్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"ఆ ఇంజిను కోసం మీ అన్న రెండేళ్ళు వెతికాడు. నా బస్సు పోతే నువ్వెన్నాళ్ళు వెతుకుతావు కెల్?"

కెల్విన్ అన్న వైపు చూశాడు. నోలీన్ హెనారె వైపు తిరిగి, ఇందాక తూచినప్పుడు మనుషుల బరువు కూడా లెక్కేశారా అని అడిగింది. బండిలో ఉన్నదంతా లెక్కే అంది హెనారె.

నోలీన్ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది. బెల్టు పెట్టుకుంది.

"అయితే మళ్ళీ తూచండి" అంది.

అన్నదమ్ములకి ఇంకా అర్థం కాలేదు. ఏదో మొక్కుబడికి తూస్తున్నారనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇద్దరూ ఒక్క పూటలో మేకపిల్లని మాయం చేసే రకాలు, బారు ముందు రెండు పీటలు చాలని మనుషులు. హెనారె పలకలు చూసుకుంటూ చుట్టూ తిరిగింది. చిన్న తెర మీది అంకెని నోలీన్ కిటికీ దగ్గర పెట్టి చూపించింది. ఆరు టన్నులకి ముప్ఫై అయిదు కిలోలు తక్కువ.

"మీరు వెళ్ళొచ్చు" అంది. నవ్వు ఆపుకోవడానికి అవతలి కారవాన్ వైపు తిరిగింది.

అప్పటికి వెలిగింది రసెల్‌కి. కిటికీ దగ్గరకి పరుగెత్తుకొచ్చి, తన కారు సంగతేమిటని అరిచాడు. నోలీన్ కారు కలంబీన్ చేరుతుందని, ప్రదర్శన మైదానంలో దింపి తాళాలు గేటు దగ్గర ఇస్తానని చెప్పింది. కారు ఆమెకి ఏ ద్రోహమూ చేయలేదు. ఇంజిను కూడా దానితోనే చేరుతుందంది. అతను రెండేళ్ళు వెతికింది కదా.

కెల్విన్ తలుపు పిడి పట్టుకుని లాగాడు. లోపలి నుంచి తాళం వేసి ఉంది.

"నన్ను కూడా వదిలేసి పోతావా నోల్?"

ఆ గొంతు విని మామూలు రోజయితే ఆమె కరిగిపోయేది. అద్దం రెండు వేళ్ళ మేర దించింది.

"నేనెవర్నీ వదల్లేదు కెల్. ఎక్కువైన బరువు దించమన్నారు, దించాను."

అద్దం ఎత్తేసి ఇండికేటరు వేసింది. సెలవులయ్యాక మంగళవారం పొద్దున్నే బస్సు తీయాలి, గేట్ల దగ్గర పిల్లలు నిలబడి ఉంటారు. హైవే ఎక్కి వేగం అందుకున్నాక స్టీరింగు చేతిలో కుదురుగా నిలిచింది. అప్పుడు ఒకసారి పక్క అద్దంలో వెనక్కి చూసింది, ట్రైలరు మీద కారుకి కట్టిన పట్టీలు బిగువుగా ఉన్నాయో లేదోనని.