పెద్దసభలో సాంచాల మాట

నాది కోరుట్ల. కానీ ఆ ఊరి పేరుతో నన్ను గుర్తుపట్టేవాళ్లు తక్కువ. "పీఏ సురేందర్" అంటే మాత్రం జగిత్యాల కలెక్టరాఫీసు బంట్రోతు నుంచి ఢిల్లీ క్యాంటీనులో చాయ్ పోసేవాడి దాకా అందరికీ తెలుసు. ఇప్పటికి ముగ్గురు ఎంపీల దగ్గర పనిచేశాను. కాబట్టి పార్లమెంటులో ప్రశ్న అడగడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సభ్యుడు అడుగుతాడు. మంత్రి "విషయం మా దృష్టిలో ఉంది" అంటాడు. సభ్యుడు ధన్యవాదాలు చెప్పి కూర్చుంటాడు. మర్నాడు పేపర్లో ఫొటో వేయించడానికి నేను విలేకర్ల వెంట తిరుగుతాను. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, ఇక్కడ ఆ ఎలుక కూడా దొరకదు.

మూడో ఎంపీ పద్మజ మేడం. రాజ్యసభ సభ్యురాలు. సిరిసిల్లలో నేతవాళ్ల ఇంట్లో పుట్టి, లాయరై, పెద్దల సభ దాకా వెళ్లింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంటుంది ఆమె వ్యవహారం. అందరూ రోడ్ల గురించీ రైళ్ల గురించీ అడిగితే, ఆమె ఒక యుద్ధం గురించి అడుగుతానంది.

యుద్ధం మనది కాదు. ఎక్కడో మంచు కురిసే దేశం పక్క దేశం మీదికి పోయింది. సగం ప్రపంచం అన్యాయమంది, సగం ప్రపంచం నోరు మూసుకుంది. మన ప్రభుత్వం ఆ దేశం మనకు మిత్రదేశమంది. ఆ యుద్ధంలో సిరిసిల్ల నేత కార్మికుడు నరేశ్ ఎట్లా చిక్కుకున్నాడంటే, అది మన వైపు వాళ్లకే జరిగే సంగతి. సాంచాల మీద కూలి గిట్టుబాటు కాక (మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు) నరేశ్ గల్ఫ్‌కు పోయాడు. అక్కడ ఒక ఏజెంటు, వేరే దేశంలో వంటశాలలో పని ఉంది, జీతం రెండింతలు అన్నాడు. రాయికల్ ఊరివాళ్లు ఇద్దరు, నరేశ్ కలిసి బయల్దేరారు. దిగిన రోజే పాస్‌పోర్టులు తీసుకుని, తెలియని భాషలో సంతకాలు పెట్టించుకుని, చేతికి గరిటెకు బదులు తుపాకీ ఇచ్చారు. శిక్షణ ఇచ్చిన ఊరి నుంచి నరేశ్ ఒక్కసారి ఫోన్ చేసి ఈ మాట చెప్పాడు. ఆ తర్వాత నెలల తరబడి అలికిడి లేదు.

మేడంతో కలిసి నేను సిరిసిల్లకు వెళ్లింది అప్పుడే. నరేశ్ భార్య రాధిక కార్ఖానాలో నూలు కండెలు చుడుతోంది. లోపల అడుగుపెట్టగానే నాకు చెవులు గడియలు పడిపోయాయి. సాంచాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే మనిషి గుండె కొట్టుకోవడం కూడా వాడికి వినపడదు. ఆపించమని నేను సాంచాల యజమాని ఆసామికి సైగ చేయబోయాను. మేడం నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపితే అందరి కూలీ పోతుంది.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. రాధిక ఆ చివర తలెత్తి చూసింది. ఇద్దరి పెదాలూ కదలడం మొదలుపెట్టాయి. మధ్యమధ్య ఒక వేలు చెంప మీదికి, ఒక అరచెయ్యి రొమ్ము మీదికి పోతున్నాయి. రాధిక కళ్లు తుడుచుకుంది. మేడం తలూపింది. ఇంత దూరం నుంచి, ఇంత రొదలో, ఏదో పూజ జరుగుతున్నట్టుంది గాని మాటలని నేను అనుకోలేదు. నేను తలనొప్పితో బయటికి వచ్చి బీడీ ముట్టించాను.

కారెక్కబోతూ అడిగాను. "ఏం మాట్లాడలేదు గద మేడం. మల్ల రమ్మంటరా?"

"అన్నీ మాట్లాడుకున్నం సురేందర్. నరేశ్ సంగతి, వాళ్ల అత్త సంగతి, పిల్ల ఫీజు సంగతి. నువ్వు బీడీ తాగనీకె పోయినవ్."

వెనకే వచ్చిన రాధిక నా మొహం చూసి, అంత దుఃఖంలోనూ నవ్వింది. "సాంచల కాడ పుట్టినోళ్లం సార్. మా చెవులు కండ్లల్ల ఉంటయి."

వాళ్లింటికి వెళ్లేసరికి నరేశ్ తల్లి వజ్రమ్మ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. చాటను పక్కకు పెట్టి మేడం చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, గా పెద్ద సభల నా కొడుకు పేరు పలుకుతవా? పోయినోడని ఊరంత అనుకుంటాంది. గంత మందిల పేరు పలికితే ఉన్నోడని తెలుస్తది."

"పలుకుత అమ్మా," అంది మేడం. నేను మనసులో, పలికితే ఏమొస్తుందిలే పాపం, అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడను. ఇన్నేళ్లూ చూసింది అదే కదా.

ప్రశ్నలు లాటరీ తీస్తారు. ఎన్నో చీటీల్లో మా చీటీ తగిలింది. తగలగానే ఫోన్లు మొదలయ్యాయి. పార్టీ పెద్దాయన ఒకరు నాకే ఫోన్ చేసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ దేశంతో వంద పనులుంటాయి. వెనక్కి తీసుకోమని చెప్పు," అన్నాడు. చెప్పాను. మేడం పేపరు మీద నుంచి తల ఎత్తలేదు.

"యుద్ధం వాళ్లది. పిల్లగాండ్లు మనోళ్లు. ఎవలను అడుగమంటవ్, ఏజెంటునా? రాధికకు ఒక పాస్ తయారు చెయ్. గ్యాలరీల కూసోని తన చెవులతోని ఇంటది."

ఆ రోజు మేడం తెల్లవారగానే మీటింగని లోపలికి వెళ్లిపోయింది. రాధికను తీసుకుని నేను తర్వాత బయల్దేరాను. ఆమె సిరిసిల్ల నుంచి కట్టుకొచ్చిన చీర తన వాడలో నేసిందే. అంత పెద్ద భవనం చూసి నోరు తెరుస్తుందనుకున్నాను గాని, ఆమె చూపంతా చేతిలోని ఫోన్ మీదే ఉంది. ఫోన్లు జమచేసే కౌంటరు దగ్గర అది ఒక్కసారి వణికింది.

తెలియని నంబరు నుంచి వీడియో. నరేశ్! గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి, వెనక తెల్ల గోడ. పెదాలు కదులుతున్నాయి గాని చప్పుడు లేదు. ఫోన్ పాడైందనుకుని నేను సౌండు పెంచబోయాను. రాధిక నా చెయ్యి తోసేసింది. ఊపిరి బిగబట్టి చూస్తోంది. పక్కన కాపలా మనిషి ఉండగా, ఫొటో దిగుతున్నట్టు నటిస్తూ, గొంతు రానీయకుండా సాంచాల దగ్గర మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడతడు. అది నాకు ఆమె చెబితే తెలిసింది.

"బతికే ఉన్నడన్నా!" అప్పటిదాకా సార్ అన్న మనిషి అన్నా అంది. "భుజానికి గాయమైందట. శిక్షణ ఇచ్చిన గదే ఊర్లె, నాలుగో నంబర్ దవాఖానల ఉన్నడట. సోమవారం మల్ల ముందటికి తోలుతరట. ఈసారి పోతె రానంటున్నడు."

అది శుక్రవారం. కౌంటరు మనిషి ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాడు.

నేను మేడంకు ఫోన్ చేశాను. స్విచాఫ్. సభలోకి పోయేటప్పుడు ఆమె ఎప్పుడూ అంతే. చీటీ రాసి లాబీలో ఉద్యోగికి ఇచ్చి, ప్రాణం పోయే సంగతి, వెంటనే అందించమన్నాను. అతడు దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. ఆ చీటీ మేడం చేతికి మధ్యాహ్నం భోజనాల వేళ అందింది. పార్లమెంటు ప్రజాస్వామ్యం మీద నాకున్న అభిప్రాయాలు ఇట్లాంటివాటి వల్లనే ఏర్పడ్డాయి.

గ్యాలరీలో ముందు వరుసలో కూర్చున్నాం. సైగలు చేయకూడదు, లేవకూడదు, మాట్లాడకూడదని కాపలా అతను ముందే చెప్పాడు. కింద మేడం లేచింది.

తెలుగులో అడిగింది. ఆ యుద్ధంలో మనవాళ్లు ఎందరున్నారు? వంటకని పిలిచి తుపాకీ ఇస్తే మిత్రదేశాన్ని మనం ఏమడిగాం? న్యాయమా కాదా అని లోకమంతా కొట్లాడుకుంటున్న యుద్ధంలో మా సిరిసిల్ల నేత కార్మికుడు ఎవరి కోసం చావాలి? "అతని పేరు నరేశ్," అంది. ఆ పేరు ఆ గోడల మధ్య పలికినప్పుడు రాధిక రెండు చేతులూ జోడించింది.

మంత్రి లేచాడు. మర్యాదస్తుడే. ముందున్న కాగితం చూసి చెప్పాడు. "ఆ దేశం ఇచ్చిన సమాచారం ప్రకారం ఆ పేరు గల వ్యక్తి ఒప్పందం ముగించుకుని వెళ్లిపోయారు. ప్రస్తుతం వారి సైన్యంలో లేరు. ఎక్కడున్నదీ మాకు తెలియదు."

సభ భగ్గుమంది. ఒక పక్క వాళ్లు సిగ్గు సిగ్గు అన్నారు, ఇంకో పక్క వాళ్లు దేశద్రోహమన్నారు. బల్లలు చరుస్తున్నారు. ఛైర్మన్ కూర్చోండి కూర్చోండి అంటున్నది మైకులో కూడా వినపడటం లేదు. మేడంకు ఇంకొక్క ప్రశ్నే మిగిలింది. అది అయిపోతే మళ్లీ ఈ విషయం ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి. ఆమె చేతిలో కాగితం ఉంది, మొహంలో దారి తెలియనితనం ఉంది. మంత్రి లేడన్నాడు. లేనివాడిని ఎట్లా అడుగుతుంది?

పిచ్చెక్కినట్టయింది నాకు. కేకేద్దామా అనుకున్నాను. కేకేస్తే బయటికి గెంటుతారు, కిందికి వినపడదు కూడా.

అప్పుడు మేడం తలెత్తి రాధిక వైపు చూసింది. ఓదార్పుగా చూసిందంతే. రాధిక పెదాలు కదిలాయి.

సిరిసిల్ల కార్ఖానాలో చూసిందే. అదే ముందుకు వంగడం, అదే తొందర లేని నోరు. ఆమె చెప్పేది ముందే తెలుసు కాబట్టి ఈసారి నేనూ పోల్చుకున్నాను. బతికే ఉన్నడు. మేడం భృకుటి ముడిపడింది, అంతలోనే విడింది. ఆమె పెదాలు కదిలాయి. యాడ? రాధిక చెంప గోక్కున్నట్టు నాలుగు వేళ్లు ఆనించింది. గదే ఊర్లె, నాలుగో నంబర్ దవాఖాన. భుజం తుడుచుకున్నట్టు చెయ్యి పెట్టింది. గాయం. సోమవారం. మల్ల ముందటికి.

కాపలా అతను వచ్చి మా మీదికి వంగాడు. రాధిక గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రావడం లేదు. పెదాలు కదపకూడదని ఏ రూలూ లేదు. ఒక నిమిషం చూసి, దేవుడిని తలుచుకుంటోందని కాబోలు, వెనక్కి జరిగాడు.

అన్ని రాష్ట్రాల పెద్దలూ గొంతులు చించుకుంటున్న ఆ హాల్లో ఒకరి మాట ఒకరికి వినపడేది ఈ ఇద్దరు ఆడవాళ్లకే. ఎక్కడో దవాఖానలో పెదాలు కదిపిన మనిషి మాట, కూలి దొరకని సాంచాల వాడ నేర్పిన మాట, దేశం నడిమధ్య సభలోకి దిగింది. దాన్ని కళ్లారా చూశాను. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎవరికి దండం పెట్టానో నాకే తెలియదు.

గోల తగ్గాక మేడం చేతిలోని కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది.

"మంత్రిగారూ, మీకు అబద్ధం చెప్పారు. నరేశ్ బతికే ఉన్నాడు. ఆ దేశంలోనే, అతనికి శిక్షణ ఇచ్చిన ఊళ్లోనే, నాలుగో నంబర్ సైనిక దవాఖానలో, భుజానికి గాయంతో ఉన్నాడు. సోమవారం మళ్లీ యుద్ధానికి పంపుతారు. నా ప్రశ్న ఒక్కటే. మీరు ఈ రోజు ఫోన్ చేస్తారా, సోమవారం దాటాక సంతాపం చెప్తారా?"

మంత్రి తన కాగితం వైపు చూశాడు, తర్వాత మేడం వైపు చూశాడు. "సమాచారం మీకు ఎప్పుడు అందింది?" అన్నాడు.

"ఇప్పుడే," అంది మేడం.

ఆయనకు అర్థం కాలేదు. అయినా కాగితం మడిచి పక్కన పెట్టాడు. "ఈ గంటలోనే మాట్లాడతాను. ఇది సభకు నేనిస్తున్న మాట." ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు.

సభ రికార్డు తెప్పించుకుని చదివాను. మంత్రి జవాబుకూ మేడం రెండో ప్రశ్నకూ మధ్య బ్రాకెట్లో "అంతరాయం" అని ఉంది. అంతే. తెలిసినవాళ్లకు చెబితే పీఏ కథలు బాగా అల్లుతాడన్నారు.

నరేశ్ ఇల్లు చేరాడని తెలిసి మేడం సిరిసిల్లకు బయల్దేరింది. వజ్రమ్మ గడపలోనే ఎదురొచ్చింది. మేడం చేతులు కళ్లకు అద్దుకుంది. కొడుకు ఎక్కడని అడిగితే కార్ఖానా వైపు చూపించింది. "చప్పుడు లేకుంటె నిద్ర పడతలేదంటడు బిడ్డా. పొద్దుందాక గాడనే కూసుంటడు."

లోపల సాంచాలు ఆడుతున్నాయి. నరేశ్ భుజానికి కట్టుతో రాధిక పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మేడంను చూసి లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ల మొక్కులన్నీ ఈ దండంతో తీరుతాయని నేను ఫోన్ తీసి ఫొటోకు సిద్ధమయ్యాను. పాత అలవాటు.

అతను దండం పెట్టలేదు. మంచి చెయ్యి ఎత్తి రెండు వేళ్లు చూపించాడు. పెదాలు నెమ్మదిగా, పసిపిల్లలకు చెప్పినట్టు కదిలాయి. రాయికల్. గాళ్లింక ఆడనే ఉన్నరు.

నేను ఫోన్ జేబులో పెట్టేశాను. మేడం నా వైపు తిరిగి ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. ఆ మాట నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదని ఆమెకూ తెలిసింది.